కూలికెంత, కామందుకెంత: జాతీయాదాయం వాటాల వెనక లెక్క

2025 జనవరి చివర్లో పార్లమెంటు ముందుకొచ్చిన ఆర్థిక సర్వేలోని ఒక అంకె అప్పటి నుంచీ వాదనల్లో నలుగుతూనే ఉంది. షేర్ మార్కెట్లో పెద్దవైన 500 కంపెనీల (నిఫ్టీ 500 సూచీ) లాభాలు 2002-03లో జీడీపీలో 2.1 శాతం ఉండేవి. 2023-24కి 4.8 శాతమయ్యాయి. ఆ చివరి ఏడాదిలో లాభాలు 22.3 శాతం పెరిగితే ఉద్యోగుల సంఖ్య 1.5 శాతమే పెరిగింది. దీన్ని చూపించి కార్మికుల వాటా యజమానులు తినేశారని ఒకరంటారు. వ్యాపారాలు చిల్లర దుకాణాల నుంచి లిస్టెడ్ కంపెనీల్లోకి మళ్లాయి, అంతకుమించి ఏమీ లేదని ఇంకొకరంటారు.

నిజానికి ఆ అంకెతో ఈ రెండింటిలో ఏదీ తేలదు. లాభాన్ని జీడీపీతో భాగిస్తే వచ్చేది లాభం సైజు. శ్రమ వాటా, అంటే ఆదాయంలో పనిచేసినవాళ్లకు దక్కే భాగం తెలియాలంటే వేరే లెక్క కట్టాలి. ఆ లెక్కలో ప్రతి మెట్టు దగ్గరా ఎవరో ఒక నిర్ణయం తీసుకుని ఉంటారు. నిర్ణయం మారితే జవాబు మారిపోతుంది.

పంచుతున్నది అమ్మకాలను కాదు, చేర్చిన విలువను

ఒక కంపెనీని ఊహించుకుందాం. ఏడాదికి 100 కోట్ల అమ్మకాలు. ముడిసరుకు, కరెంటు, రవాణా, బయటి నుంచి కొన్న సేవలకు 70 కోట్లు పోయాయి. మిగిలిన 30 కోట్లే ఆ కంపెనీ కొత్తగా చేర్చిన విలువ. దేశంలోని కంపెనీలు, పొలాలు, దుకాణాలు, ఆఫీసులు చేర్చిన ఇలాంటి విలువలన్నీ కూడితే వచ్చేదే జీవీఏ. దానికి జీఎస్టీ వంటి పన్నులు కలిపి, సబ్సిడీలు తీసేస్తే జీడీపీ. ఆ పన్నుల ముక్క కూలికీ పోదు, కామందుకూ పోదు. అందుకే వాటాల లెక్కకు జీడీపీ కంటే జీవీఏ నయం.

ఆ 30 కోట్లలో జీతాలు, పీఎఫ్ కలిపి 9 కోట్లు. యంత్రాల తరుగుదల 6 కోట్లు, బ్యాంకు వడ్డీ 5 కోట్లు, ఆదాయపు పన్ను రెండున్నర కోట్లు, మిగిలిన లాభం ఏడున్నర కోట్లు. ఇప్పుడు శ్రమ వాటా ఎంత? అమ్మకాల్లో చూస్తే 9 శాతం. యాజమాన్యాలు బేరసారాల్లో ఎక్కువగా వాడే అంకె ఇదే గానీ, పంపకం గురించి అది ఏమీ చెప్పదు. చేర్చిన విలువలో చూస్తే 30 శాతం. తరుగుదల ఎవరి జేబులోకీ వెళ్లే డబ్బు కాదు, అరిగిన యంత్రం స్థానంలో కొత్తది కొనడానికి పక్కన పెట్టేది. దాన్ని తీసేసి నికర విలువ మీద లెక్కిస్తే 9 బై 24, అంటే ముప్పై ఏడున్నర శాతం. కంపెనీ ఒకటే, ఏడాది ఒకటే, జీతాలు అవే.

కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్ లాంటి త్వరగా పాతబడే ఆస్తులు పెరిగేకొద్దీ తరుగుదల పెరుగుతుంది. అప్పుడు స్థూల లెక్కలో, అంటే తరుగుదల తీసేయకముందు, శ్రమ వాటా పడిపోయినట్టు కనిపించినా, నికర లెక్కలో అంత పడకపోవచ్చు. యజమానికి చేతికందే లాభమూ అంత పెరిగి ఉండదు.

లాభం పెరిగినంత మాత్రాన జీతం కోత పడ్డట్టు కాదన్నదీ ఈ ఉదాహరణలోనే ఉంది. కంపెనీ అప్పులు తీర్చేసి వడ్డీని 5 నుంచి 3 కోట్లకు తగ్గించుకుందనుకోండి. ఆ 2 కోట్లూ, వాటి మీద పన్ను పోగా, లాభం వైపు జరుగుతాయి. శ్రమ వాటా రవ్వంత కూడా కదలదు. బ్యాంకు చేతిలోది వాటాదారు చేతికి వచ్చిందంతే. పన్ను తగ్గినా ఇదే కథ. 2019 సెప్టెంబరులో కేంద్రం మినహాయింపులు వదులుకునే కంపెనీలకు పన్ను రేటు 22 శాతానికి దించింది. ఆ తర్వాత పెరిగిన నికర లాభంలో కొంత సర్కారు వదులుకున్నదే. పైన చెప్పిన 2.1 నుంచి 4.8 శాతం ప్రయాణంలో వడ్డీదెంత, పన్నుదెంత, జీతాలదెంత అని విడదీయకుండా తీర్పు చెప్పలేం.

జీతాల ఖాతాలో ఎవరెవరున్నారు

గణాంక శాఖ భాషలో శ్రమకు దక్కేదాన్ని ఉద్యోగుల ప్రతిఫలం అంటారు. చేతికొచ్చే జీతంతో పాటు యజమాని కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, బోనస్ అన్నీ ఇందులోనే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతన కోడ్ ప్రకారం అలవెన్సులు మొత్తం ప్రతిఫలంలో సగం దాటితే దాటిన భాగాన్ని వేతనంలోనే కలిపి చూడాలి. దీనివల్ల కొందరికి పీఎఫ్ కోత పెరిగి చేతికొచ్చేది తగ్గొచ్చు. యజమానికయ్యే మొత్తం ఖర్చు మారనంతవరకు శ్రమ వాటా మాత్రం ఉన్నచోటే ఉంటుంది. జీతం కాగితంలో గడులు మారడం వేరు, పంపకం మారడం వేరు.

ఈ ఖాతాలో స్వీపర్ జీతమూ ఉంటుంది, కోట్లు తీసుకునే సీఈఓ జీతమూ ఉంటుంది. ఈసాప్, అంటే ఉద్యోగులకు కంపెనీ షేర్లు ఇచ్చే పథకం కింద ఇచ్చిన షేర్ల విలువా చేరుతుంది. పైనున్న పదిమంది జీతాలు రెట్టింపై, కిందివాళ్లవి గడ్డకట్టినా శ్రమ వాటా పెరిగినట్టే కనిపిస్తుంది.

ఇక ఖాతాలో లేనివాళ్లు. చాలా కంపెనీల వార్షిక నివేదికల్లో కాంట్రాక్టు కూలీల ఖర్చు ఉద్యోగుల పద్దులో కాకుండా ‘ఇతర ఖర్చులు’ కింద ఉంటుంది. మన ఊహా కంపెనీ బయటి సేవలకిచ్చిన డబ్బులో 2 కోట్లు నిజానికి కాంట్రాక్టర్ ద్వారా వచ్చిన కార్మికుల కూలి అనుకోండి. దాన్ని ఇటు తెచ్చి కలిపితే చేర్చిన విలువ 32 కోట్లు, శ్రమకు 11 కోట్లు. వాటా 30 నుంచి 34 శాతం దాటుతుంది. అలాగే సొంత సెక్యూరిటీ గార్డులను తీసేసి ఏజెన్సీకి అప్పగించిన మరుసటి ఏడాది, గేటు దగ్గర అదే మనిషి అదే లాఠీ పట్టుకుని నిలబడ్డా, ఆ ఫ్యాక్టరీ లెక్కలో శ్రమ ఖర్చు తగ్గిపోతుంది. బ్యాలెన్స్ షీట్లు పక్కపక్కన పెట్టి శ్రమ వాటా పడిపోయిందని చెప్పేవాళ్లు ఎక్కువగా జారిపడేది ఇక్కడే.

ఎకరం వరిచేను: ఒకే పంట, మూడు జవాబులు

ఇంతవరకు చెప్పినవి జీతాలు, లాభాలు విడివిడిగా ఉండే చోట్ల చిక్కులు. మన దేశంలో అసలు చిక్కు ఆ రెండూ కలిసిపోయిన చోట ఉంది. 2023-24 కార్మిక సర్వే ప్రకారం పనిచేసేవాళ్లలో 58.4 శాతం స్వయం ఉపాధిలో ఉన్నారు. నెల జీతగాళ్లు 21.7 శాతం, రోజుకూలీలు 19.8 శాతం. రైతు, కిరాణా కొట్టు మనిషి, సొంత ఆటో నడిపేవాడు, మగ్గం ఉన్న నేతన్న, వీళ్లంతా కూలీలా, యజమానులా? రెండూనూ. వాళ్ల రాబడిలో కూలి ఎంతో, పెట్టుబడి మీద వచ్చింది ఎంతో వాళ్లకే తెలియదు. గణాంకాల్లో దీన్ని మిశ్రమ ఆదాయం అంటారు.

గోదావరి డెల్టాలో ఒక కౌలురైతు ఎకరం చేశాడనుకుందాం. దిగుబడి, ఖర్చులు ఊహించుకున్నవే. ధర మాత్రం 2025-26 ఖరీఫ్‌లో సాధారణ రకానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర, క్వింటాలుకు 2,369 రూపాయలు.

75 కిలోల బస్తాలు 32, అంటే 24 క్వింటాళ్లు. రాబడి 56,856 రూపాయలు. విత్తనం, ఎరువు, పురుగుమందు, దమ్ము ట్రాక్టరు, కోత మిషను బాడుగ కలిపి 21,000. చేర్చిన విలువ 35,856. ఇందులో నాట్లకు, కలుపుకు బయటి కూలీలకిచ్చింది 9,000. భూమి యజమానికి కౌలు 12 బస్తాలు, అంటే 9 క్వింటాళ్లు, 21,321 రూపాయలు. రైతు చేతిలో మిగిలింది 5,535. ఆయనా, ఇంట్లోవాళ్లూ కలిసి పొలంలో చేసిన పని 20 రోజులు. బయట కూలికి వెళ్తే రోజుకు 600 చొప్పున 12,000 వచ్చేది.

ఈ ఎకరంలో శ్రమ వాటా ఎంత? డబ్బులిచ్చి పెట్టుకున్న కూలీలనే లెక్కేస్తే 9,000, అంటే 25 శాతం. రైతు కుటుంబం చేసిన పనికీ కూలి కట్టి కలిపితే 21,000, దాదాపు 59 శాతం. మిశ్రమ ఆదాయం అంతా శ్రమదేననే పద్ధతి పాటిస్తే 100 శాతం. మూడు పద్ధతులూ పరిశోధకులు వాడినవే. ఒక వ్యాసంలో భారతదేశపు శ్రమ వాటా మూడోవంతు అని, ఇంకో దాంట్లో సగానికి పైన అని చదివి తికమకపడే పాఠకుడు ముందు చూడాల్సింది ఇదే: మిశ్రమ ఆదాయాన్ని ఎటు వేశారు?

రెండో పద్ధతి సబబుగా కనిపిస్తుంది. వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ చేసేదీ దాదాపు అదే. చేతి నుంచి పెట్టిన ఖర్చు ఏ2, దానికి కుటుంబ శ్రమ విలువ కలిపితే ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్, సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కడితే సీ2. మద్దతు ధర కోసం రైతు సంఘాలు సీ2 మీద యాభై శాతం అదనంగా అడగడం, కేంద్రం ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్ మీద ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామనడం ఈ పంపకపు తగాదాయే. భూమి, పెట్టుబడుల ప్రతిఫలాన్ని ఖర్చులో చేర్చాలా వద్దా అన్నదే అక్కడి ప్రశ్న.

కానీ మన కౌలురైతు సంగతి మళ్లీ చూడండి. కాగితం మీద ఆయన కుటుంబ శ్రమ విలువ 12,000. చేతికొచ్చింది 5,535. శ్రమకు దక్కాల్సిందని మనం రాసుకున్నదాంట్లో సగం కూడా దక్కలేదు. మిగతా 6,465 ఎటు పోయింది? కౌలు రూపంలో భూమి యజమానికి. అయినా జాతీయ లెక్కల్లో కౌలును ఆస్తి మీద ఆదాయంగా తర్వాతి మెట్టులోనే పంచుతారు కాబట్టి, మొదటి మెట్టులో 26,856 రూపాయలూ ఒకే మిశ్రమ ఆదాయంగా కనిపిస్తాయి. కౌలు 12 బస్తాల నుంచి 15కి పెరిగినా ఆ పద్దు చెక్కుచెదరదు. పల్లెలో కూలికీ ఆస్తికీ మధ్య నిత్యం నలిగే బేరం ఇదే అయినప్పుడు, అది ఆ పద్దులో కనబడకపోవడం చిన్న లోపం కాదు.

జీతగాళ్ల సగటు జీతాన్నే స్వయం ఉపాధి వాళ్లకూ ఆపాదించే ఇంకో పద్ధతి ఉంది. సంపన్న దేశాల్లో పనికొస్తుంది. మన వ్యవసాయానికి అన్వయిస్తే శ్రమ వాటా నూరు శాతం దాటిపోయే ప్రమాదం ఉంది, ఎందుకంటే ఇక్కడ స్వయం ఉపాధిలో ఎక్కువమంది సంపాదన జీతగాళ్ల కంటే తక్కువ. అందుకే అంతర్జాతీయ కార్మిక సంస్థ వయసు, చదువు, వృత్తి చూసి వాళ్లు ఎంత సంపాదించి ఉంటారో అంచనా కట్టి కలుపుతుంది.

సర్కారు ఆఫీసు, సొంతిల్లు

రెండు లెక్కల ఆనవాయితీలు కూడా ఫలితాన్ని కదిలిస్తాయి. ప్రభుత్వ పరిపాలన లాభం కోసం నడవదు కాబట్టి అక్కడ మిగులు సున్నా. చేర్చిన విలువ అంటే జీతాలు, తరుగుదల అంతే. నికర లెక్కలో శ్రమ వాటా నూటికి నూరు. వేతన సంఘం సిఫార్సులు అమలైన ఏడాది దేశం మొత్తం మీద శ్రమ వాటాకు కాస్త ఊపు రావడానికి ఇదొక కారణం.

సొంతింటి సంగతి దీనికి తిరగేసింది. సొంతిట్లో ఉండేవాళ్లు తమకు తామే అద్దె కట్టుకుంటున్నట్టు లెక్కగట్టి జీడీపీలో కలుపుతారు. అది దాదాపు పూర్తిగా పెట్టుబడి వైపుకే పోతుంది. హైదరాబాద్‌లో అద్దెలు పెరిగితే, ఫ్లాట్ కొనుక్కుని అందులోనే ఉంటున్న ఉద్యోగి కూడా ఆ లెక్కలో పెట్టుబడిదారుడే. ఒక్క రూపాయి చేతికి రాకపోయినా సరే.

జీతం పెరుగుతుంటే వాటా ఎలా తగ్గుతుంది

వాటా పెరగాలంటే, ధరల పెరుగుదలనూ ఒక్కో మనిషి ఉత్పత్తి పెరుగుదలనూ కూడితే వచ్చేదాని కంటే కూలి వేగంగా పెరగాలి. కూలి ఏడాదికి 6 శాతం, ధరలు 4 శాతం, ఉత్పాదకత 4 శాతం పెరిగాయనుకోండి. కార్మికుడి కొనుగోలు శక్తి 2 శాతం పెరిగింది, నిరుటి కంటే బాగానే ఉన్నాడు. కానీ 8లోంచి 6 పోగా వాటా సుమారు 2 శాతం జారింది, 40 ఉన్నది 39.2 దగ్గరికి వచ్చింది. కార్మికుల పరిస్థితి మెరుగైందనేవాళ్లూ, కార్మికుల వాటా తగ్గిందనేవాళ్లూ ఒకేసారి నిజం చెబుతుండవచ్చు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. కార్మికుడు బియ్యం, అద్దె, ఫీజుల ధరల్లో బతుకుతాడు. ఫ్యాక్టరీ ఉక్కు, నూలు, మందుల ధరల్లో అమ్ముకుంటుంది. ఈ రెండు ధరలూ ఒకే వేగంతో పెరగకపోతే, వాటా మారకుండానే కార్మికుడి బతుకు బిగుసుకుపోవచ్చు.

లెక్క స్పష్టంగా ఉన్న ఫ్యాక్టరీల్లో ఏం జరిగింది

మిశ్రమ ఆదాయపు గొడవ లేని చోటు ఒకటుంది: వార్షిక పరిశ్రమల సర్వే పరిధిలోని రిజిస్టర్డ్ ఫ్యాక్టరీలు. విద్యుత్తు వాడుతూ పదిమంది, వాడకుండా ఇరవైమంది, అంతకు మించి పనిచేసే యూనిట్లు ఇందులోకి వస్తూ వచ్చాయి. కాంట్రాక్టు కార్మికులనూ ఇది లెక్కిస్తుంది. ఇక్కడ 1980ల మొదట్లో నికర విలువలో కార్మికుల వేతనాలు సుమారు 30 శాతం. 2000 దశకం చివరికి అది 10 శాతం దరిదాపులకు దిగింది, తర్వాత కొద్దిగా కోలుకుంది. మేనేజర్లు, సూపర్‌వైజర్ల జీతాలు కూడా కలిపితే పతనం ఇంత నిటారుగా ఉండదు. అంటే జారింది ముఖ్యంగా మిషన్ దగ్గర నిలబడేవాడి వాటా. కొలతల చిక్కులు ఎన్ని చెప్పుకున్నా ఈ పతనాన్ని వాటితో కొట్టిపారేయడం కుదరదు.

ఎందుకు జరిగిందన్న దగ్గర వాదనలు చీలతాయి.

యంత్రాల వాదన మొదటిది. వరికోత మిషన్‌తోనే చూడవచ్చు. ఎకరం కోత, కట్టేత, నూర్పిడి మనుషులతో 8,000 రూపాయలు అయ్యేది, మిషన్ 3,000కు చేసిపెడుతోంది, అందులో డ్రైవర్ కూలి 400 అనుకుందాం. ఖర్చు మిగిలింది రైతుకు. కానీ ఆ పనిలో శ్రమకు పోయే 8,000 కాస్తా 400 అయింది. యంత్రం చౌకైనప్పుడు దాని వాడకం ఆ తగ్గుదలను మించి పెరిగితే శ్రమ వాటా పడుతుంది, అంతగా పెరగకపోతే శ్రమ వాటాయే పెరగవచ్చు కూడా. 2014లో వెలువడి బాగా చర్చకొచ్చిన ఒక అధ్యయనం, ప్రపంచవ్యాప్తంగా శ్రమ వాటా తగ్గుదలలో సుమారు సగాన్ని యంత్రాలు, కంప్యూటర్ల ధరల పతనానికి ఆపాదించింది.

బేరం చేసే బలం తగ్గడమే కారణమన్నది రెండో వాదన. ఫ్యాక్టరీ కార్మికుల్లో కాంట్రాక్టు వాళ్ల భాగం ఇటీవలి సర్వేల్లో 40 శాతం దాటింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే కాంట్రాక్టు లేబర్ చట్టాన్ని సవరించి ప్రధాన కార్యకలాపాన్ని, అనుబంధ పనులను విడదీసింది. పారిశుధ్యం, సెక్యూరిటీ, క్యాంటీన్, లోడింగ్ వంటి వాటికి కాంట్రాక్టు బాట సులువైంది. పక్కనున్న కాంట్రాక్టు మనిషి తక్కువకు దొరుకుతున్నప్పుడు పర్మినెంట్ కార్మికుడి గొంతు కూడా తగ్గుతుందన్నది ఈ వాదనలో కీలకం. సమ్మె చేస్తే ఉత్పత్తి ఆగకపోవడం బేరానికి అన్నిటికంటే పెద్ద దెబ్బ.

యాజమాన్యాల వైపు ఆర్థికవేత్తల జవాబు వేరు. వందమంది, అంతకు మించి ఉన్న ఫ్యాక్టరీలో మనిషిని తీసేయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలన్న పాత నిబంధన వల్లే యజమానులు మనుషుల బదులు యంత్రాలు కొన్నారని, పరిశ్రమల కూర్పే మారిందని అంటారు. నూలు మిల్లులో వంద రూపాయల విలువకు కావలసిన మనుషులు రిఫైనరీలో అక్కర్లేదు. మిల్లులు మూతబడి రిఫైనరీలు, సిమెంటు, విద్యుత్ ప్లాంట్లు వస్తే ఏ ఒక్క చోటా ఎవరి కూలీ తగ్గకుండానే సగటు వాటా పడిపోతుంది. ఇందులో నిజముంది గానీ పూర్తి నిజం కాదు. కూర్పు మార్పే కారణమైతే ఒక్కో పరిశ్రమ లోపల వాటా నిలకడగా ఉండాలి. చాలా పరిశ్రమల లోపల కూడా అది జారింది. ఇటు ఐటీ కంపెనీల్లో అమ్మకాల్లో సగానికి పైగా జీతాలకే పోయేవి ఉన్నాయి. ఆర్థిక వ్యవస్థ అటు మొగ్గితే సగటు వాటా పైకి కదలాలి.

కొలిచేవాళ్ల మధ్య తగాదా ప్రపంచమంతటా

ఈ వాటాలు దీర్ఘకాలంలో స్థిరంగా ఉంటాయని ఆర్థికవేత్త నికొలస్ కాల్డార్ 1950ల చివర, 60ల మొదట్లో చెప్పింది పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం నిలిచింది. తర్వాత అంకెలు ఆయన మాట వినలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024 సెప్టెంబరు అంచనా ప్రకారం ప్రపంచ ఆదాయంలో శ్రమ వాటా 52.4 శాతం. 2004తో పోలిస్తే 1.6 శాతం పాయింట్లు తక్కువ. చూడటానికి చిన్నదే. 2004 నాటి వాటాయే ఉంటే 2024లో శ్రమకు ఇంకో 2.4 లక్షల కోట్ల డాలర్లు దక్కేవని ఆ సంస్థ లెక్క.

దీన్ని ప్రశ్నించేవాళ్లూ ఉన్నారు. ఇళ్లను పక్కన పెట్టి, స్వయం ఉపాధిని సరిదిద్దితే అమెరికా బయట చాలా సంపన్న దేశాల్లో చెప్పుకోదగ్గ పతనమే లేదంటారు. పరిశోధన ఖర్చును 2013 నుంచి అమెరికా పెట్టుబడిగా లెక్కించడం వల్లే అక్కడ పతనం పెద్దదిగా కనిపిస్తోందన్నది ఇంకో వాదన. గుర్తుంచుకోవలసిన మరో సంగతి: శ్రమ వాటా తగ్గడం, పేద-ధనిక తేడా పెరగడం ఒకటే కాదు. పీఎఫ్ సంస్థ 2015 ఆగస్టు నుంచి కార్మికుల డబ్బులో కొంత భాగాన్ని ఈటీఎఫ్‌ల (చాలా కంపెనీల షేర్లను కలిపి కొనే ఫండ్ల) ద్వారా షేర్ మార్కెట్లో పెడుతోంది కాబట్టి, కంపెనీల లాభంలో చిటికెడు మిషన్ దగ్గరి మనిషికీ చేరుతుంది. ఎంత చేరుతుందన్నది ఆ పీఎఫ్ ఖాతాలో ఎంతుందన్నదాన్ని బట్టి. రోజుకూలీకి ఆ ఖాతాయే ఉండదు.

పంపకం బహిరంగంగా జరిగే చోటు: సింగరేణి

ఈ లెక్కలన్నీ ఏటా దసరా ముందు వీధిలోకి వచ్చే చోటు తెలుగు నేలమీద ఉంది. తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న సింగరేణిలో లాభాల్లో ఇంత శాతం కార్మికులకని ప్రభుత్వం ప్రకటిస్తుంది. 2023-24కు నికర లాభం 4,701 కోట్లు. కార్మికులకు 33 శాతమన్నారు. 4,701లో 33 శాతమైతే 1,551 కోట్లు రావాలి. పంచింది 796 కోట్లు. విస్తరణ పనులకు 2,289 కోట్లు ముందే పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్ల మీద 33 శాతం కట్టారు. మొత్తం లాభంలో చూస్తే అది 17 శాతం.

ఇక్కడ యాజమాన్యం మాటలోనూ న్యాయముంది. కొత్త గనులు, కరెంటు ప్లాంట్లు లేకపోతే పదేళ్ల తర్వాత పంచడానికి లాభమే ఉండదు. సంఘాల మాటలోనూ ఉంది. విస్తరణతో పెరిగే ఆస్తి రెండు ప్రభుత్వాలది, దానికి పెట్టిన ఖర్చు మాత్రం కార్మికుల వాటాను కట్టే మొత్తంలోంచి తీశారు. శాతం కోసం ఎంత బేరమాడినా, దేనిలో శాతం అన్నది ముందే తేలిపోయి ఉంటుంది.

ఆ ఏడాదే కాంట్రాక్టు కార్మికులకూ మొదటిసారి లాభాల్లోంచి కొంత ఇచ్చారు. పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా తొంభై వేలు వస్తే కాంట్రాక్టు కార్మికుడికి 5,000 రూపాయలు. జాతీయ లెక్కల పుస్తకంలో ఈ రెండూ ఒకే గడిలో, ఉద్యోగుల ప్రతిఫలం కింద చేరతాయి.